మామిడిపల్లి పసుపు గోటీ

అందరూ దాటిపోయే ఊరు

శంషాబాద్‌లో విమానం దిగినవాళ్ళెవరూ శంషాబాద్‌లో ఆగరు. రాజమండ్రి నుంచి నాతోపాటు దిగినవాళ్ళంతా పెట్టెలు లాక్కుంటూ నగరం వైపు పోయారు. నేనెక్కిన కారు డ్రైవరు "సిటీల ఏడికమ్మా?" అనడిగాడు. సిటీకి కాదు, శంషాబాద్ ఊళ్ళోకే అన్నాను.

"శంషాబాద్ల ఏముందమ్మా, అంతా ఎయిర్‌పోర్టే గద."

"పచ్చీసు ఉందట బాబూ, చూద్దామని వచ్చాను."

"కొత్తగ తెరిచిన్రా? బిర్యానీ మంచిగుంటదా?" అన్నాడతను. నేను నవ్వి ఊరుకున్నాను. బిర్యానీ బాగుంటుందని తర్వాత తెలిసింది గాని, పచ్చీసు హోటలు పేరు కాదు.

పాత ఆటల పిచ్చి నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఎండలో పరుగెత్తేవి కావు. ఇంట్లో చాప పరుచుకుని, పక్కన మరమరాల పళ్ళెం పెట్టుకుని ఆడేవి. మా అమలాపురం వైపు ఆడే అష్టాచెమ్మా, వామనగుంటలు, పులీమేకా, వైకుంఠపాళీ అన్నీ నాకు వచ్చు. వచ్చు అనడం కూడా తక్కువే. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ నాతో ఆడరు. ఓడిపోతే నేను భోజనానికి లేవనని వాళ్ళ ఫిర్యాదు, అందులో కొంత నిజముంది.

రానిది పచ్చీసు ఒక్కటే. నలుగురు, రెండు జోడీలుగా, గుడ్డ మీద గవ్వలతో ఆడే అసలు పచ్చీసు. ఆ గుడ్డను అద్దాల పెట్టెలో చూశాను గాని, మనుషులు కూర్చుని ఆడుతుంటే చూడలేదు. శంషాబాద్‌లో తన పెద్దమ్మ ఇంట్లో ఏళ్ళ తరబడి శుక్రవారం శుక్రవారం ఆడుతున్నారని పెళ్ళిలో పరిచయమైన ఒకావిడ చెప్పింది. అంతే, టికెట్ కొనేశాను. విమానాశ్రయం దగ్గరి లాడ్జిలో ఒక రాత్రి కిరాయికి మా ఊళ్ళో వారం రోజులు ఉండొచ్చు. నెత్తిమీద విమానాల చప్పుడు మాత్రం ఉచితం.

హలీమా బీ ఇల్లు

పాత బజారు వెనక సందులో ఆకుపచ్చ తలుపుల ఇల్లు. ఆ పెద్దమ్మే హలీమా బీ, డెబ్బై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉంది. నేను "నమస్కారమండీ, బాగున్నారాండీ" అనగానే చెయ్యి ఊపేసింది.

"నీ అండీలు నీ తాననే పెట్టుకో బిడ్డా. లోపటికి రా, చాయ్ చల్లగైతది."

చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్లు పెట్టారు. ఉప్పూ తీపీ కలిసి ఉండే ఆ బిస్కెట్టును నేను కొరికి తింటుంటే, హలీమా బీ చిన్న తోడికోడలు నూర్ నా చేతిలోది తీసుకుని చాయ్‌లో ముంచి మళ్ళీ నా చేతికిచ్చింది. నూర్‌కి నవ్వడం తప్ప వేరే పని ఉన్నట్టు కనబడదు. పెద్ద తోడికోడలు రబియా ఆపా, అంటే రబియా అక్క, మాత్రం నియమాల మనిషి. ఆవిడ గదిలోకి వచ్చిందంటే మనకు తెలియకుండానే కాళ్ళు సర్దుకుని కూర్చుంటాం.

ఆ రోజు బుధవారం. ఆట శుక్రవారం గదా అంటే, "నేర్చుకునేటోళ్ళకు ఏ దినమైతే ఏంది" అని హలీమా బీ లోపలి నుంచి గుడ్డ తెచ్చి పరిచింది. దాన్ని వాళ్ళు బిసాత్ అంటారు. టైలరు పని చేసిన ఆమె మామగారు షేర్వానీలు కుట్టగా మిగిలిన మఖ్మల్ ముక్కలతో చేశాడట. నాలుగు చేతులున్న శిలువ ఆకారం, చేతుల నిండా గడులు, మధ్యలో చదరంగా ఇల్లు.

పచ్చీసు తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెబుతాను. ఒక్కొక్కరికి నాలుగు గోటీలు. మేం కాయలనేవే వాళ్ళకు గోటీలు. గవ్వలు వేసి, పడిన లెక్క ప్రకారం గోటీని మధ్య ఇంట్లోంచి బయలుదేరదీసి, నాలుగు చేతుల అంచులూ చుట్టబెట్టి, మళ్ళీ మన వరసలోంచి ఇంట్లోకి చేర్చాలి. దారిలో ఎదుటివాళ్ళ గోటీ మన గడిలోకి వస్తే మనది చస్తుంది, మొదటి నుంచి నడవాలి. ఇల్లు చేరితే పండినట్టు. ఈ పండటం మాత్రం మా వైపూ వీళ్ళ వైపూ ఒకటే మాట. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జోడీ.

నన్ను హలీమా బీకి ఎదురుగా కూర్చోబెట్టారు. ఆమెవి నల్లవి, నావి పసుపువి. తోడికోడళ్ళవి ఎరుపూ ఆకుపచ్చా. మొదటి వేటుకే నాకు పచ్చీసు, అంటే ఇరవై ఐదు పడింది. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. అష్టాచెమ్మాలో ఆరితేరిన చెయ్యి గదా, సందు చూసి పరుగు, ఆపద చూసి గడి మార్పు. అందరికంటే ముందు నా నాలుగు గోటీలూ పండాయి. పండాయండీ అని తలెత్తి చూశాను.

ఎవరూ శభాష్ అనలేదు. రబియా ఆపా నా ముందున్న గవ్వల్ని తీసి పక్కకిచ్చింది.

"నీ ఆట ఒడిసింది. ఇగ కూసో."

ఆ తర్వాత జరిగింది చూడాలి. హలీమా బీవి ఇంకా మూడు నల్లవి బయటే ఉన్నాయి. ఆమెకు ఒక వేటు పడితే తోడికోడళ్ళ జోడీకి రెండు పడుతున్నాయి. ఎరుపు తరుముతుంది, ఆకుపచ్చ కాచుకుంటుంది. ఒక్కో నల్లదీ చచ్చి మళ్ళీ మొదటికి వస్తోంది. సాయం చేద్దామంటే నాకు గవ్వలు లేవు. జోడీలో ఇద్దరివీ పండితేనే గెలుపు, ఒక్కరివి పండితే చెల్లదు. మా అష్టాచెమ్మాలో ఎవరి కాయలు వాళ్ళవి. ముందు పండినవాడు లేచిపోయి పకోడీలు తింటాడు. ఆ అలవాటుతో నా జోడీని నడివీధిలో వదిలేసి ఇంట్లోకి వెళ్ళి కూర్చున్నాను.

ఓడిపోయాం. హలీమా బీ కోప్పడలేదు.

"నీకు ఎవరు చెప్పిన్రు గనక. ఆఖరి గోటీని ఇంటి ముంగట ఆపాలె బిడ్డా. జోడీ ఎట్లున్నదో చూసి గప్పుడు లోపటికి పోవాలె. అవసరమైతే లోపటికి పోకుండ ఇంకో చుట్టు తిరగాలె."

"మార్తమ్మ గట్లనే తిరుగుతుండె," అంది నూర్, ఈసారి నవ్వకుండా.

మార్తమ్మ సంగతి అప్పుడు చెప్పారు. విమానాశ్రయం రాకముందు ఈ చుట్టుపక్కల ద్రాక్షతోటలుండేవి. హలీమా బీ, మామిడిపల్లి మార్తమ్మ ఒకే తోటలో గెలలు కోసేవారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేల మీద గీతలు గీసి చింతగింజలతో ఆడేవారు. తోటలు పోయాక ఆట ఈ ఇంటికి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక మార్తమ్మ రావడం, నేను కూర్చున్న చోట కూర్చోవడం. పోయినేడు ఆమెకు పక్షవాతం వచ్చింది. లేచి తిరుగుతోంది గాని కుడిచెయ్యి పట్టు తప్పింది. చేత్తోనే గవ్వలెయ్యాలి, గవ్వ బిసాత్ దాటి పడితే ఆ వంతు పోయినట్టేనని ఈ ఇంటి నియమం. మార్తమ్మ గవ్వలు మాటిమాటికీ దొర్లి గచ్చు మీదికి పోయేవి. కొన్ని శుక్రవారాలు వచ్చింది, అన్నీ ఓడారు. తర్వాత రావడం మానేసింది. అప్పటి నుంచి హలీమా బీ ఇంకెవరినీ జోడీగా పెట్టుకోలేదు, శుక్రవారం ఆటా ఆగిపోయింది. ఈ రోజు నన్ను కూర్చోబెట్టింది కూడా నేర్పడానికేనట.

"పిలిచిన్రా?" అన్నాను. వాళ్ళ మాట నా నోట్లోకి అప్పటికే వచ్చేసింది.

"పిలిస్తే వస్తదా? పానం మంచిగ లేదంటది." హలీమా బీ గోటీలు సంచిలో వేస్తూ ఒక పసుపుదాన్ని ఆపి, రుమాలు కొసకు ముడివేసి నా చేతిలో పెట్టింది. "రేపు మామిడిపల్లి చూస్తనంటివి గద. గిది మార్తమ్మ చేతిల పెట్టు. ఏం చెప్పకు."

"అది పోతే ఇగ ఆట ఎట్ల?" అంది రబియా ఆపా. హలీమా బీ సంచి మూతి బిగించింది.

గగన్‌పహాడ్‌లో పొరపాటు

మర్నాడు షేరాటో ఎక్కి మామిడిపల్లి అని గట్టిగా చెప్పాను. ఎక్కిన ఆటో ఏదో చూసుకోలేదు. కొంగులో రుమాలు ముడి తడుముకుంటూ కూర్చున్నాను, అదెక్కడ పడిపోతుందోనని. తీరా దిగితే గగన్‌పహాడ్. చుట్టూ ఫ్యాక్టరీ గోడలు, లారీలు, దుమ్ము. "మామిడిపల్లి ఆ దిక్కమ్మా, నువ్వు ఈ దిక్కొచ్చినవ్" అని ఒకాయన చెయ్యి చాపి చూపించాడు. నోరుంటే ఊరికి దారి దొరుకుతుందంటారు గాని, తప్పు ఆటో ఎక్కినవాళ్ళకు అది పనిచెయ్యదు.

ఎలాగూ వచ్చాం గదా అని రోడ్డు పక్క పాకలో టిఫినుకు కూర్చున్నాను. వేడి జొన్నరొట్టె ఇరవై రూపాయలు, వెంట ఎర్రటి మిరపతొక్కు. మా వైపు జొన్నరొట్టె దొరకదు, దొరికినా ఇంత పలచగా తట్టేవాళ్ళు లేరు. పక్క బల్ల దగ్గర ఇద్దరు లారీ డ్రైవర్లు ఒకే ఫోను మీద వంగి లూడో ఆడుతున్నారు. ఒకడు గెలిచాడు. రెండోవాడు చాయ్ డబ్బులిచ్చి లేచాడు.

లూడో మరెవరో కాదు, పచ్చీసు బిడ్డే. పాదుషాలు కోట ప్రాంగణంలో చలువరాళ్ళతో గడులు పరిపించి ఆడుకున్న ఆట, జనానాలో ఆడవాళ్ళు మఖ్మల్ మీద ఆడిన ఆట, తోటల్లో కూలీలు నేలమీద గీసుకున్న ఆట. తెల్లదొరలు దాన్ని తమ సీమకు పట్టుకుపోయారు. గుడ్డ పోయి అట్ట వచ్చింది. గవ్వలు పోయి పాచిక, పాచిక గిలకరించడానికో చిన్న గిన్నె వచ్చాయి. అన్నిటికంటే పెద్ద మార్పు, జోడీ పోయింది. నలుగురూ నాలుగు దిక్కులు, ఎవరి ఇల్లు వాళ్ళది. ఆ రూపంలోనే మళ్ళీ మన దగ్గరికి వచ్చి ఇప్పుడు ఫోన్లలో ఉంది. నిన్న నేను ఆడింది కూడా పచ్చీసు బట్ట మీద లూడోయేనని రొట్టె నములుతుంటే అర్థమైంది.

పుంటికూర

మామిడిపల్లిలో మార్తమ్మ ఇంటి ముందు చిన్న చర్చి, పక్కనే కొత్తగా లేచిన నాలుగంతస్తుల మేడ. ఆమె మంచం మీద కూర్చుని ఎడమచేత్తో గోంగూర తుంచుతోంది. ఇక్కడ దాని పేరు పుంటికూర. కుడిచెయ్యి ఒడిలో ఊరికే పెట్టి ఉంది. నేను హలీమా బీ దగ్గరి నుంచి వచ్చానని చెప్పగానే కోడలు రూతు కుర్చీ వేసింది, అన్నానికి ఉండాల్సిందేనంది. పుంటికూర పప్పులో మేం వేసేంత నూనె లేదు గాని, పులుపు మాత్రం ఇంకాస్త ఎక్కువే ఉంది. రెండుసార్లు వడ్డించుకున్నాను.

రూతు కబుర్లు చెప్పింది. చర్చిలో స్త్రీల కూటానికి వెళ్తే ప్రార్థనయ్యాక కుర్చీలాట పెడతారట. అత్తమ్మ అక్కడికీ రావడం లేదట. "ఆడేటోళ్ళను చూసుకుంట కూసుండుడు నాకు పడదు" అంది మార్తమ్మ. మాట కొంచెం నెమ్మదిగా వస్తోంది, అంతే.

అన్నమయ్యాక ముడి విప్పి పసుపు గోటీని ఆమె ఎడమ అరచేతిలో పెట్టాను.

"గిదెందుకు పంపింది?"

"ఏమీ చెప్పొద్దన్నారండీ."

"గట్లనే చేస్తది." గోటీని వేళ్ళ మధ్య తిప్పింది. "ఆమెకు ఓడుడంటే పడదమ్మా. ముందట ఓడితే నన్ను నాలుగు తిట్లు తిడుతుండె. చెయ్యి పోయినంక తిట్టుడు బంద్ చేసింది. నా మూలాన ఓడి, పల్లెత్తు మాటనకుండ గమ్మున కూసుంటుంటే నేను చూడలేను. గందుకే పోతలేను."

ఈ మాట హలీమా బీకి తెలియదని నాకప్పుడు తెలిసింది. ఒకరు అడగరు, ఒకరు చెప్పరు. మధ్యలో నేనొక కొరియర్‌ని.

"వాపస్ తీస్కపో అమ్మా. ఒకటి తక్కువైతే వాళ్ళ ఆట నడవదు."

"నేను తీసుకెళ్ళనండీ," అన్నాను. అంత మొండిగా ఎందుకన్నానో నాకే తెలియదు. "వాళ్ళ ఆట నడవాలంటే మీరే తెచ్చివ్వండి."

రూతు వెనక నుంచి నా వైపు చూసి చిన్నగా తలూపింది. మార్తమ్మ గోటీని పిడికిట్లో మూసింది.

మంఖాల్ రాయి

శుక్రవారం పొద్దున మనసు నిలవక మంఖాల్ వెళ్ళాను. అక్కడొక ఇంటి ముందు పులీమేకా గీతలు చెక్కిన పాత బండ ఉందని ఎవరో చెప్పారు. బండ ఉంది. ఇల్లుగలాయన కూడా ఉన్నాడు. గీతలు మాత్రం కిందివైపున్నాయి. "బట్టలుతక నున్నగుంటదని తిరగేసినం" అన్నాడు. ఎత్తి చూద్దామన్నాను. ఆయనా నేనూ కలిసి ఎత్తబోయాం. బండ కదల్లేదు గాని నా నడుం పట్టేసింది. ఆయన జామకాయలిచ్చి పంపాడు. ఆటలు ఎలా పోతాయని నన్నెవరైనా అడిగితే ఇకనుంచి ఈ బండ సంగతి చెబుతాను.

శుక్రవారం

నమాజయ్యాక బిసాత్ పరిచారు. భోజనంలో ఖట్టీ దాల్ అనే పుల్లటి పప్పు, వేపిన మాంసం. ఆ మాంసం గురించి రాయాలంటే ఇంకో పేజీ పడుతుంది. హలీమా బీ గోటీలన్నీ సర్దింది. పసుపువి మూడే. నాలుగో చోటు ఖాళీ. చాయ్ వచ్చింది. ఎవరూ తలుపు వైపు చూడటం లేదు. చూడకుండా ఉండటానికి అందరం కష్టపడుతున్నాం.

ఆటో ఆగిన చప్పుడైంది. రూతు భుజం పట్టుకుని మార్తమ్మ గడప దాటింది.

"లేటయింది," అంది రబియా ఆపా.

మార్తమ్మ తన చోట కూర్చుని ఎడమ పిడికిలి విప్పి గోటీని ఖాళీ గడిలో పెట్టింది. హలీమా బీ, ఆమె ఒకరినొకరు పలకరించుకోను కూడా లేదు. "వెయ్యి" అంది హలీమా బీ.

ఎడమచేత్తో వేసింది. రెండు గవ్వలు దొర్లి గచ్చు మీద పడ్డాయి.

"బయట పడ్డయ్. వంతు పోయింది," అంది రబియా ఆపా. ఆ క్షణంలో ఆవిడ మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మార్తమ్మ తలొంచుకుంది.

తర్వాతి వంతు రబియా ఆపాదే. ఆవిడ ముందు కప్పులో మిగిలిన చాయ్ తాగేసింది. కప్పును దుపట్టా కొసతో శుభ్రంగా తుడిచింది. గవ్వల్ని ఏరి అందులో పోసి, గిలకరించి, కప్పు తెచ్చి బిసాత్ మీద బోర్లించి ఎత్తింది. ఒక్క గవ్వా కదల్లేదు.

"చేతితోనే వెయ్యాలె అంటివి గద ఆపా," అంది నూర్.

"కప్పు నా చేతిలనే ఉంది గద," అని రబియా ఆపా కప్పును పక్కకు జరిపింది.

ఆ తర్వాత నలుగురూ కప్పుతోనే వేశారు. దొరలు సీమలో చేర్చిన గిన్నె ఇలా ఈ ఇంటికి దారి చూసుకుంది. మార్తమ్మ ఎడమచేత్తో కప్పు బోర్లించినప్పుడల్లా గవ్వలు ఎక్కడివక్కడే కూర్చున్నాయి. నాలుగు వంతులు తిరిగేసరికి ఆమె నోరు లేచింది. ఆకుపచ్చ గోటీని చంపి "పో, మల్ల మొదటి నుంచి రా" అని నూర్‌ని తరిమింది. తర్వాత ఒక వంతులో తొందరపడి తన గోటీని చంపించుకుంటే హలీమా బీ విసుక్కుంది: "కండ్లు ఏడ పెట్టినవ్? ఎర్రది కనబడతలేదా?"

మార్తమ్మ ముఖం ఎంత విప్పారిందో చెప్పలేను. తిట్లు తిని అంత సంతోషపడ్డ మనిషిని నేను చూడలేదు.

పొద్దు వాలేటప్పటికి హలీమా బీవి మూడు పండాయి. ఆఖరి నల్లది తన వరస ముందు ఆగి ఉంది. మార్తమ్మవీ మూడు పండాయి గాని, చచ్చి మళ్ళీ బయలుదేరిన ఆఖరి పసుపుది అటు చివర ఒంటరిగా ఉంది. వెనక ఎరుపూ ఆకుపచ్చా కాచుకున్నాయి. హలీమా బీ కప్పు ఎత్తింది. ఇంట్లోకి చేరడానికి సరిగ్గా కావలసిన లెక్కే పడింది.

ఆమె నల్లదాన్ని తీసుకుని తన వరసలోకి తిప్పలేదు. ఇంటి ముందు నుంచి దాటించి మళ్ళీ బయటి దారిలోకి నడిపింది.

"పోరాదు హలీమక్కా లోపటికి," అంది మార్తమ్మ.

"ఒక్కదాన్ని పోయి ఏం జెయ్యాలె?"

కొన్ని వంతుల తర్వాత నల్లది వెళ్ళి పసుపుదాని గడిలో పక్కన చేరింది. జోడీ గోటీలు ఒక గడిలో కలిసి ఉంటే చంపకూడదని అక్కడి నియమం. ఆ రెండింటినీ అలా చూస్తుంటే నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. గవ్వల లెక్క తప్పినట్టు నటించి కొంగుతో తుడుచుకున్నాను.

అవి రెండూ ఒకదాన్నొకటి కాచుకుంటూ నెమ్మదిగా వస్తుంటే, ఈలోగా తోడికోడళ్ళవి పండిపోయాయి. ఓడారు. ఓడి ఒకరినొకరు ఎంతసేపు తిట్టుకున్నారంటే, రూతు రెండుసార్లు ఆటో వచ్చిందని చెప్పాల్సి వచ్చింది. లేచేముందు మార్తమ్మ బిసాత్ మీది నుంచి తన పసుపు గోటీ ఒకటి తీసి, పంటితో, ఎడమచేత్తో కొంగుకు ముడి వేసుకుంది. ఎవరినీ అడగలేదు. ఆటో కదిలింది.

రబియా ఆపా గోటీలు సంచిలో వేస్తూ లెక్కపెట్టి ఆగింది.

"ఒకటి తక్కువుంది."

"తక్కువ లేదు ఆపా," అంది హలీమా బీ బిసాత్ మడుస్తూ. "మామిడిపల్లికి పోయింది. మల్ల శుక్రారం వస్తది."